నిరోధక జన్యువుల సంచారము

పశుపక్ష్యాదుల ప్రేవులలోని బాక్టీరియాలకును మానవుని ప్రేవులలోని వానికిని నడుమ, యాంటీబయాటిక్ మందులకు లొంగని శక్తి నొసగు జన్యువులు చేతులు మారుట. ఇది వంశక్రమమున గాక, ప్లాస్మిడ్లనబడు చిన్న డి.ఎన్.ఏ. వలయముల మూలమున, ఇరుగుపొరుగుల చేబదులువలె సాగును. ఇచ్చినదాని ప్రతి ఇచ్చినవానియొద్దనే మిగులును గనుక ఈ చేబదులున నష్టపడువారు మనమే.

ఈ చరిత్ర ఒక తెలుగువాని ప్రయోగశాలకు చేరువనే మొదలగుట విచిత్రము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థయందు పరిశోధనాధ్యక్షుడై యుండగా, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి సాధించిన ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్ 1948లో వెల్లడియయ్యెను. ఆ యేటనే సుబ్బారావు దివంగతుడయ్యెను. అచ్చటి శాస్త్రజ్ఞులే యగు జూక్స్, స్టోక్‌స్టాడ్‌లు విటమిన్ బి12 కొరకై, ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి, అవి అనుకొన్నదానికన్న ఏపుగ నెదుగుటజూచి 1950లో ప్రకటించిరి. అంతట రోగమెరుగని జంతువుల దాణాలో మందు చేరినది. ఇందుకు సుబ్బారావును నిందించుట తగదు.

1959 ప్రాంతమున జపాను శాస్త్రజ్ఞులు, రక్తగ్రహణి క్రిములు నాలుగు మందులకు లొంగని శక్తిని ప్రేవులలోని ఎషెరీషియా కోలై బాక్టీరియాతో పంచుకొనగలవని నిరూపించిరి. మానవచికిత్సకు వలయు మందులను పెరుగుదలకై దాణాలో కలుపరాదని 1969లో బ్రిటనునందలి స్వాన్ సంఘము హెచ్చరించెను. అన్నింటను కండ్లకు గట్టునది శాస్త్రజ్ఞుడు స్టువర్ట్ లెవీ 1976లో ప్రకటించిన పరిశీలన: మసాచుసెట్స్‌లోని ఒక కోళ్ళదొడ్డియందు ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా తిన్న కోళ్ళ ప్రేవులలో వారము తిరుగునప్పటికే నిరోధక క్రిములు నిండెను, కొన్ని నెలలకు, ఆ మందు ముట్టని దొడ్డివారి మలమునను అవి మిక్కుటముగ కానవచ్చెను.

కడపటి అస్త్రముగ దాచుకొన్న కొలిస్టిన్ అను మందుకు లొంగని శక్తి నొసగు ఎం.సి.ఆర్-1 జన్యువును చైనాలో, పందులయందును రోగులయందును, 2015లో కనుగొనిరి. భారత ప్రభుత్వము 2019లో ఆహారార్థము పెంచు జంతువులకు ఆ మందును నిషేధించెను.

ఈ చిక్కు కోళ్ళకును పందులకును పరిమితము గాదు. శ్రీకాకుళము జిల్లాయందు నౌపడ ఉప్పుమళ్ళును, తేలినీలాపురపు కొంగలు మేతకు దిగు చిత్తడినేలలును గల తీరమున నేడు రొయ్యల చెరువులు వెలసినవి. ఉప్పుటేటి నీరు తోడి చెరువు నింపి, పట్టుబడియైన పిదప కాలువకు విడుతురు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యలకు నిషిద్ధములు. ఎగుమతికి ముందు రొయ్యలో మందు జాడ గలదేమో యని పరీక్షింతురు. మందు వాడిన చెరువులో ఆ జాడ మాసిపోయినను, అడుగు బురదలోని బాక్టీరియాయందు నిలిచిన జన్యువు ఆ పరీక్షకు చిక్కదు.