గొట్టంలో మిగిలిపోయే తూటా

1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్ థియేటర్‌లో అబ్రహాం లింకన్‌ను బలిగొన్న పిస్తోలు అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ తయారుచేసిందది. ఒక్క గుండు పేలితే మళ్లీ మందు కూరుకోవాల్సిందే.

మరుసటి ఏడాదే రెమింగ్టన్ కంపెనీ ఒకదానిమీద ఒకటిగా రెండు గొట్టాలున్న డెరింజర్ తరహా పిస్తోలు తెచ్చింది. బందు మీద తిరిగే తలుపులా గొట్టాలు పైకి లేస్తాయి. తూటాలు పెట్టి దించేయడమే. కానీ ఆ బందును పట్టి ఉంచే లోహపు చెవులు మరీ పలచన. వాడగా వాడగా అక్కడే పగుళ్లు పడేవి. అయినా 1935 దాకా ఆ పిస్తోలు తయారవుతూనే వచ్చింది. పాత రెమింగ్టన్ కొనేవాళ్లు నేటికీ ముందుగా తడిమి చూసేది ఆ బందునే.

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో జాన్ బ్రౌనింగ్ జేబు పిస్తోలు రూపమే మార్చేశాడు. అతని డిజైన్‌తో కోల్ట్ కంపెనీ 1908లో తెచ్చిన వెస్ట్ పాకెట్ పొడవు నాలుగున్నర అంగుళాలే. పిడిలో దూర్చే మేగజీన్‌లో ఆరు తూటాలు. దీంతోపాటే కొత్త ప్రమాదమూ వచ్చింది. మేగజీన్ తీసేయగానే పిస్తోలు ఖాళీ అయిందనిపిస్తుంది. గొట్టం మొదట్లో మాత్రం ఒక తూటా అలాగే ఉండిపోవచ్చు. అందుకే కోల్ట్ కొన్నేళ్లకు, మేగజీన్ లేకపోతే పేలకుండా ఆపే చిన్న ఏర్పాటును అందులో చేర్చింది.

1968లో అమెరికా చట్టం చౌకరకం చిన్న పిస్తోళ్ల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. ఆ లోటును లాస్ ఏంజెలెస్ పరిసరాల ఫ్యాక్టరీలు పూడ్చాయి. 1970లో మొదలైన రేవెన్ ఆర్మ్స్ ఉక్కుకు బదులు జింక్ మిశ్రమాన్ని అచ్చుల్లో పోసి పిస్తోళ్లు చేసింది. ధర తగ్గింది, అమ్మకాలు పెరిగాయి.

రేవెన్ యజమాని కుటుంబమే నడిపిన బ్రైకో కంపెనీ పిస్తోలు ఒకటి కోర్టుకెక్కింది. దాన్ని ఖాళీ చేయాలంటే మేగజీన్ తీసి, పిస్తోలు పైభాగంలో జారే స్లైడ్‌ను వెనక్కి లాగి, లోపలి తూటాను బయట పడేయాలి. సేఫ్టీ వేసి ఉంటే స్లైడ్ కదలదు. అంటే ఖాళీ చేయడానికే దాన్ని పేలే స్థితిలోకి తేవాలి! 1994లో కాలిఫోర్నియాలో ఈ రకం పిస్తోలును అలా ఖాళీ చేయబోతుండగా పేలి, ఏడేళ్ల బాలుడి మెడ కింది భాగమంతా చచ్చుబడిపోయింది. తూటాలు ఇరుక్కుపోయే లోపాన్ని కప్పిపుచ్చడానికే సేఫ్టీని అలా మార్చారని బాలుడి తరఫు న్యాయవాదులు వాదించారు. 2003లో జ్యూరీ తప్పును పలువురికి పంచుతూనే, కంపెనీ, దాని సంబంధీకుల వంతుకు సుమారు 2.4 కోట్ల డాలర్లు వేసింది. బ్రైకో దివాలా పిటిషన్ పెట్టింది.

ఆ ఏడాదే కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 2007 నుంచి అమ్మకానికి అనుమతి కోరే కొత్త సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో కొడితే పేలే) సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లకు లోపల తూటా ఉందని చూపే గుర్తు ఉండాలి. మేగజీన్ లేకపోతే పేలకుండా ఆపే ఏర్పాటూ ఉండాలి. ఈ రెండో ఏర్పాటు, కోల్ట్ తన వెస్ట్ పాకెట్‌లో ఎప్పుడో పెట్టి చూపించినదే.