షాద్‌నగర్ భూకేంద్రం, వేగవృద్ధి లెక్కలు: ఆమ్డాల్, గస్టాఫ్‌సన్ కొలమానాలపై ఒక పరిశీలన

షాద్‌నగర్ భూకేంద్రం 1979 ప్రాంతంలో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ సమాచారాన్ని అందుకోవడంతో పని మొదలుపెట్టింది. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 పునర్విభజన తర్వాత రంగారెడ్డి జిల్లా. ఉపగ్రహం ఒకసారి దాటిపోయేటప్పుడు యాంటెన్నాకు చిక్కేది మహా అయితే పది, పదిహేను నిమిషాలు. 2005 మే 5న ప్రయోగించిన కార్టోశాట్-1 రెండు కెమెరాల నుంచీ సెకనుకు 105 మెగాబిట్ల చొప్పున సమాచారం వచ్చేది. ఆ లెక్కన పది నిమిషాలకు దాదాపు 16 గిగాబైట్లు. ఇంత రాశిని పది ప్రాసెసర్లకో, వెయ్యింటికో పంచితే పని ఎన్ని రెట్లు త్వరగా ముగుస్తుంది? దీనికి పాఠ్యపుస్తకాలు ‘ఆమ్డాల్ సూత్రం’ చూపుతాయి: పంచలేక వరుసగా మాత్రమే నడిచే భాగం పనిలో ఎంతో, వేగవృద్ధి దాని విలోమాన్ని మించదు. షాద్‌నగర్ పనికి అది ఎంతవరకు వర్తిస్తుందో చెప్పే ముందు, దాని పుట్టుకను సరిచూడడం అవసరం.

1. జీన్ ఆమ్డాల్ పత్రం 1967 ఏప్రిల్‌లో అట్లాంటిక్ సిటీ సమావేశంలో వెలువడింది. మూడు పేజీల ఆ పత్రంలో ఆయన పేరుతో నేడు చెలామణీ అవుతున్న సమీకరణం కనిపించదు. కనిపించేది ఒక పరిశీలన: నడిచే ఆదేశాల్లో 40 శాతం సమాచారాన్ని సర్దుకోవడానికే పోతున్నాయి, దాన్ని సగానికి తగ్గించవచ్చునేమో గానీ మూడో వంతుకు తేవడం దాదాపు అసంభవం, కనుక వేగం ఐదు నుంచి ఏడు రెట్లు మించదు. 40లో సగం 20 శాతం, అంటే హద్దు ఐదు రెట్లు. మూడో వంతు 13.3 శాతం, అంటే ఏడున్నర రెట్లు. అంకెలు నేటి సూత్రానికి దగ్గరగానే పొసగుతున్నాయి. కాబట్టి ఆలోచన ఆమ్డాల్‌దేనని, బీజగణిత రూపం తర్వాతివారు ఇచ్చిందని అనుకోవడం సబబుగా తోస్తుంది. 1972లో విల్లిస్ వేర్ రాసిన వ్యాసాన్ని ఆ రూపానికి తొలి ఆధారాల్లో ఒకటిగా పేర్కొంటారు.

2. 1988లో శాండియా ప్రయోగశాలకు చెందిన జాన్ గస్టాఫ్‌సన్ 1024 ప్రాసెసర్ల యంత్రంపై మూడు సమస్యలకు 1021, 1020, 1016 రెట్ల వేగవృద్ధి సాధించామని ఒక పత్రంలో ప్రకటించారు. వరుసగా మాత్రమే నడిచే భాగం 0.4 నుంచి 0.8 శాతమన్నారు. ఆ 0.4 శాతాన్నే ఆమ్డాల్ సూత్రంలో పెడితే సుమారు 201 రెట్లు మాత్రమే వస్తుంది. తేడా యంత్రంలో లేదు, ప్రశ్నలో ఉంది. ప్రాసెసర్లతోపాటు సమస్య పరిమాణాన్నీ పెంచి కొలిచిన అంకెలవి. అదే ఏడు మాంట్రీ, బెన్నర్‌లతో కలిసి ఆయన ప్రచురించిన పత్రం మరింత జాగ్రత్తగా ఉంది: సమస్య స్థిరంగా ఉంటే 502 నుంచి 637 రెట్లు, ప్రాసెసర్‌కు ఇంత అని పెంచుతూ పోతే 1009 నుంచి 1020 రెట్లు. ప్రచారంలో నిలిచింది మాత్రం మొదటి పత్రంలోని పెద్ద అంకెలే. రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవకపోతే ఈ రంగంలో తప్పుడు నమ్మకాలు ఏర్పడే ప్రమాదం ఉందని ఈ పరిశీలన గట్టిగా భావిస్తోంది.

3. షాద్‌నగర్‌కు ఏది వర్తిస్తుంది? ఒకప్పుడు సమాచారం అందుకోవడం ఇక్కడ, ప్రాసెసింగ్ హైదరాబాద్‌లోని బాలానగర్‌లో జరిగేవి. నమోదైన టేపులు అక్కడికి రోడ్డు మీద వెళ్లిన కాలమది. ఊహకు ప్రయాణం రెండు గంటలు, గణన ఆరు గంటలు అనుకుందాం. ఎన్ని ప్రాసెసర్లు తెచ్చినా మొత్తం వేగం నాలుగు రెట్లు దాటదు. 2010 దశకం ఆరంభంలో ‘ఇమ్‌జియోస్’ పేరిట స్వీకరణ, ప్రాసెసింగ్, పంపిణీ షాద్‌నగర్‌లో ఒకే చోటికి చేరాయి. అసలైన లాభం కొత్త ప్రాసెసర్ల కంటే ఈ వరుస భాగం తరిగిపోవడం వల్ల వచ్చి ఉండవచ్చు.

4. ఇక గణన లోపల కూడా వరుస భాగాన్ని పోలిన ఇరుకులున్నాయి. 2012 ఏప్రిల్ 26న ఎగిరిన రీశాట్-1 వంటి రాడార్ ఉపగ్రహం మబ్బుల్లోంచి కూడా చూడగలదు. వరదల వేళ దాని విలువ అదే. రాడార్ సంకేతాన్ని చిత్రంగా మార్చేటప్పుడు ముందు అడ్డువరుసలను సవరిస్తారు. వరుసకు వరుస స్వతంత్రం, ఎన్ని ప్రాసెసర్లకైనా పంచవచ్చు. తర్వాత నిలువువరుసలు, అవీ స్వతంత్రమే. కానీ ఈ రెంటి నడుమ మొత్తం పట్టికను అడ్డం నుంచి నిలువుకు తిప్పాలి. అప్పుడు ప్రతి ప్రాసెసరూ తన దగ్గరున్న ముక్కల్ని మిగిలిన ప్రతిదానికీ పంపాల్సిందే. ప్రాసెసర్లు పెరిగేకొద్దీ లెక్క చేసే సమయం తగ్గినా, ఈ బట్వాడా సమయం అదే నిష్పత్తిలో తగ్గకపోవచ్చు.

ఈ ఆధారాలను బట్టి, ఒకే కేంద్రంలో రెండు కొలమానాలూ అవసరమనిపిస్తుంది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పటిలాంటి విపత్తులో చిత్రం పరిమాణం స్థిరం, కావలసింది తొందర. అక్కడ ఆమ్డాల్ లెక్కే న్యాయం, అదీ యాంటెన్నా నుంచి పటం జిల్లా అధికారులకు అందేవరకు పట్టిన మొత్తం సమయంపై. ఏళ్ల తరబడి పోగైన చిత్రాలను కొత్త పద్ధతిలో తిరిగి ప్రాసెస్ చేసేటప్పుడు మాత్రం పని పెరుగుతూనే ఉంటుంది; అక్కడ గస్టాఫ్‌సన్ కొలతను, సమస్య పరిమాణం ఎంత పెంచారో పక్కనే రాసిన షరతు మీద, అంగీకరించవచ్చు.