చలికాలపు చక్రాలు

మంచు దేశాల్లో కారున్న ఇంట్లో చాలాచోట్ల ఎనిమిది చక్రాలుంటాయి. నాలుగు కారుకి, నాలుగు షెడ్డులో గోడవారన. అక్టోబరు, నవంబరుల్లో షెడ్డులోవి కారుకెక్కుతాయి, ఏప్రిల్లో మళ్లీ దిగుతాయి. ఈ ఆనవాయితీ చరిత్ర ఎవరు రాసినా టైరు చుట్టూనే తిప్పుతారు: రబ్బరు ఎలా మెత్తబడింది, గాళ్లు ఎలా లోతయ్యాయి, మేకులు ఎప్పుడొచ్చాయి. అదంతా అవసరమే. కాని ఫిన్లాండులోనో క్యూబెక్‌లోనో ఒక మామూలు జీతగాడి కుటుంబం ఏడాదికి రెండుసార్లు ఈ మార్పిడిని ఇంటి పనుల్లో ఒకటిగా చేసుకోగలుగుతోందంటే, దాని వెనక ఉన్నది బోల్టులు విప్పితే ఊడొచ్చే చక్రం. రెండో సెట్టు రిమ్ములను చాలామంది డబ్బున్నవాళ్ల హంగు అనుకుంటారు. చరిత్ర చూస్తే, అసలు ఈ ఆచారం నిలబడిందే వాటి మీద.

తొలినాటి మోటారు కార్లకు చక్రం ఇరుసు మీదే ఉండిపోయేది. పంక్చరైతే దారి పక్కనే టైరును రిమ్ము నుంచి పెకలించి, ట్యూబుకు అతుకేసి, మళ్లీ ఎక్కించి, చేత్తో గాలి కొట్టాలి. 1904లో వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో డేవిస్ సోదరులు దీనికొక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని ఒట్టి రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరైన చక్రానికి పక్కన బిగించేశారు. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ. మన డ్రైవర్లు నేటికీ డిక్కీలోని అదనపు చక్రాన్ని పిలిచే పేరు అక్కడి నుంచి వచ్చిందే. తర్వాత నాలుగైదేళ్లకే ఇంగ్లండులో రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ చక్రాన్ని మొత్తంగా ఊడదీసి ఇంకొకటి పెట్టే పద్ధతి తెచ్చింది. అటుపైన ఉక్కు రేకును అచ్చులో నొక్కి చేసిన చవక చక్రాలు వచ్చాయి. చక్రం ఇరుసుకు అతుక్కున్న అవయవం కాకుండా, మార్చుకోగల వస్తువైంది. అప్పటికి ఇది పంక్చరు బాధకు మందు మాత్రమే. రుతువుతో పాటు చక్రాలు మార్చాలన్న ఆలోచన ఇంకా పుట్టలేదు.

ఆ ఆలోచనకు టైరు వైపు నుంచి తోవ వేసింది ఫిన్లాండు. అంతకు ముందు మంచులో బండి నడవాలంటే గొలుసులే గతి. 1904లోనే అమెరికాలో హ్యారీ వీడ్ వాటికి పేటెంటు తీసుకున్నాడు. గొలుసులు మంచు మీద పట్టునిస్తాయి, కాని ఒట్టి రోడ్డు రాగానే దిగి విప్పాలి, మళ్లీ మంచు కనబడితే మోకాళ్ల మీద కూర్చుని కట్టాలి. 1934లో నోకియా పట్టణంలోని ఫిన్నిష్ రబ్బరు కర్మాగారం లారీల కోసం అడ్డగాళ్లు లోతుగా ఉన్న ‘కెలిరెంగస్’ టైరు చేసింది. 1936లో కార్లకు ‘హక్కపెలిట్టా’ వచ్చింది. పదిహేడో శతాబ్దపు ఫిన్లాండు గుర్రపు దళాల పేరది. 1960ల మొదట్లో మేకుల టైరు వచ్చింది. దాన్ని దగ్గరగా చూస్తే విషయం బోధపడుతుంది: ట్రెడ్డులో నొక్కి కూర్చోబెట్టిన లోహపు తొడుగు, దాని మధ్య గట్టి టంగ్‌స్టన్ కార్బైడు ముక్క, బయటికి పొడుచుకొచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు. గట్టిపడ్డ మంచును గీకి పట్టు సాధించేది ఆ కాస్త ముక్కే. మంచు లేని చోట రోడ్డును తినేసేదీ అదే. పశ్చిమ జర్మనీ 1975లో మేకులను నిషేధించింది. జపాన్‌లో సెండాయ్ వంటి నగరాల్లో రోడ్డు అరిగి లేచిన దుమ్ము జనాన్ని ఉక్కిరిబిక్కిరి చేసింది. 1990లో అక్కడ మేకుల టైర్లకు వ్యతిరేకంగా చట్టమే వచ్చింది. మేకుల స్థానంలోకి మెత్తటి రబ్బరు వచ్చింది. 1988లో బ్రిడ్జ్‌స్టోన్ తెచ్చిన బ్లిజాక్ రబ్బరులోని సూక్ష్మ రంధ్రాలు మంచు మీది నీటిపొరను పీల్చేసుకుంటాయి.

ఈ మెరుగుదలలన్నిటికీ ఒక మూల్యం ఉంది. చలికాలపు టైరు తన పనిలో ఆరితేరుతున్నకొద్దీ వేసవికి పనికిరాకుండా పోయింది. మేకుల టైరును ఎండాకాలంలో చట్టం ఒప్పదు, మెత్తటి రబ్బరు వేడి రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది. వేసవి రబ్బరేమో సుమారు 7 డిగ్రీల కింద బిగుసుకుపోయి పట్టు కోల్పోతుంది. ఏటా రెండుసార్లు మార్చడం తప్పనిసరి అయింది, దాంతో ఎక్కడ, ఎలా మార్చాలన్న ప్రశ్న ఎదురైంది.

టైర్లే మార్చుకుంటే సరిపోదా, చట్టం అడిగేది టైర్లనే కదా అనే ఆక్షేపణ సహజం. సరిపోతుంది, కాని అరిగేది అక్కడే. రిమ్ము అంచును పట్టుకుని ఉండే టైరు బీడింగులో ఉక్కు తీగలుంటాయి. దాన్ని యంత్రంతో తొక్కించి దింపడం, కమ్మీతో సాగదీసి ఎక్కించడం, బ్యాలెన్సింగ్ చేయించడం ఏటా రెండు దఫాలు జరిగితే బీడింగుకూ రిమ్ముకూ దెబ్బే. పైగా తొలి మంచు పడ్డ వారంలో ఊరంతా ఒకే దుకాణం ముందు నిలబడుతుంది. చక్రాలే రెండు సెట్లుంటే ఒక జాకీ, ఒక వీల్ స్పానరు చాలు. రిమ్ములకు ఒకసారి పెట్టిన డబ్బు ఏటేటా దుకాణానికి పోసే కూలిలో కొన్నేళ్లకు కలిసొస్తుంది. అపార్ట్‌మెంట్లలో చోటు లేనివాళ్ల కోసం స్వీడన్, జర్మనీ, ఫిన్లాండుల్లో ‘టైరు హోటళ్లు’ పుట్టాయి. వాటిల్లో దాచేవి ఎక్కువగా రిమ్ములతో సహా ఉన్న చక్రాలే.

ఇదంతా చట్టం భయంతో వచ్చిందనేవాళ్లున్నారు. తేదీలు ఆ మాట చెప్పవు. ఫిన్లాండులో చలికాలపు టైర్లు తప్పనిసరి అయింది 1978లో, తొలి టైరు వచ్చిన 44 ఏళ్లకు. స్వీడన్‌లో 1999 డిసెంబరులో. క్యూబెక్‌లో 2008లో, అప్పటికే అక్కడ పదింట తొమ్మిది కార్లు చలికాలపు టైర్లతో తిరుగుతున్నాయి. చట్టం వచ్చింది మిగిలిన ఆ ఒక్కరి కోసం.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కార్లవాళ్లు తమకివేవీ అక్కర్లేదంటారు. ఆ బలం బండిని కదిలించడానికే, ఆపడానికి కాదు. బ్రేకు వేసినప్పుడు పనికొచ్చేది టైరు పట్టే. అన్ని కాలాల టైర్ల వాదనలో మాత్రం కొంత నిజముంది. మూడు శిఖరాల నడుమ మంచు రేకు గుర్తున్న అలాంటి టైరు, అరుదుగా మంచు పడే చోట చాలు. నెలల తరబడి మంచు గట్టిపడి ఉండే చోట అది రాజీ.

ఎంపికలో పాత తరం పద్ధతే నాకు నచ్చుతుంది: రంగు వేసిన మామూలు ఉక్కు రిమ్ములు, బ్రేకులకు తగలనంతలో ఒక అంగుళం చిన్నవి, వాటి మీద కాస్త సన్నని, ఎత్తైన టైరు. సన్నని టైరు మంచును కోసుకుని కిందికి దిగుతుంది. గుంతలో పడితే ఉక్కు వంగుతుంది, అలాయ్ పగలవచ్చు. రోడ్ల మీద చల్లే ఉప్పు అలాయ్ మెరుపును తినేస్తుంది, ఉక్కుకు తుప్పు పట్టినా మళ్లీ రంగేస్తే సరి. ఇవాళ పెద్ద బ్రేకులు, పెద్ద రిమ్ముల మోజు ఈ వెసులుబాటును తగ్గిస్తున్నాయి. అమెరికాలోనూ యూరప్‌లోనూ కొత్త కార్లకు టైరు గాలిని కనిపెట్టే వ్యవస్థ తప్పనిసరి అయ్యాక, చాలా కార్ల రెండో సెట్టుకు నాలుగు సెన్సర్ల ఖర్చు కూడా తోడైంది. టొరంటోలోనో మాంట్రియల్‌లోనో కొత్తగా కారు కొనే తెలుగువారు బేరం కుదరకముందే ఒక ప్రశ్న అడగాలి: ఈ కారుకు పట్టే అతి చిన్న రిమ్ము ఎంత? జవాబు చేతిలో పెట్టుకుని, బోల్టుల కొలత, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ సరిచూసి, ఉక్కు చక్రాలు నాలుగూ ఒకేసారి కొనండి. బిగించాక వంద కిలోమీటర్ల లోపు బోల్టులు మరోసారి బిగించడం మరవకండి.