యుద్ధ వ్యతిరేక నిరసన (ఉత్తరాంధ్ర)

తమ పేరిట జరిగే యుద్ధానికి తమ సమ్మతి లేదని ప్రజలు నలుగురి ముందూ చెప్పడమే యుద్ధ వ్యతిరేక నిరసన. దాంతో యుద్ధం ఆగిన సందర్భాలు తక్కువ. 2003 ఫిబ్రవరి 15న ప్రపంచమంతటా వందలాది నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చినా, మార్చి 20న ఇరాక్‌పై దాడి మొదలైంది. బొబ్బిలి (1757), పద్మనాభం (1794) యుద్ధాలను వీరగాథలుగా చెప్పుకున్న శ్రీకాకుళం, విజయనగరం సీమల్లో ఈ నిరసనకు ముఖ్య ఘట్టం 1939-42.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారత నాయకులను మాటమాత్రమైనా అడగకుండా దేశాన్ని రెండో ప్రపంచ యుద్ధంలోకి దించాడు. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో పదవి వదిలినవారిలో, 1937లో బొబ్బిలి రాజానే ఓడించి గెలిచిన వి.వి.గిరి ఉన్నారు.

1940 మార్చి 26, 27 తేదీల్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలో జరిగాయి. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను ప్రభుత్వం ముందే అరెస్టు చేసింది. అయినా సభ జరిగింది, సామ్రాజ్యవాద యుద్ధాన్ని ప్రతిఘటించాలని రైతులకు పిలుపునిచ్చింది. ఆ వేడి చల్లారకముందే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. నిండు గర్భిణి సాసుమాన గున్నమ్మ ప్రాణాలు కోల్పోయింది. అక్కడి తగాదా అడవి కట్టెల మీద. అయినా పలాస సభనూ మందస కాల్పులనూ విడదీసి చదవడం కష్టం: జమీందారు, తుపాకీ, దొరల యుద్ధం రైతుకు ఒకే వైపున కనిపించాయి.

అక్టోబరు 17న వినోబా భావేతో మొదలైన వ్యక్తి సత్యాగ్రహం పద్ధతి వేరు. సత్యాగ్రహి తాను ఎప్పుడు, ఎక్కడ మాట్లాడేదీ అధికారులకు ముందే తెలిపి, యుద్ధానికి మనుషులనూ డబ్బునూ ఇవ్వవద్దని చెప్పి జైలుకు వెళ్ళేవాడు. ఈ నిరాడంబరమైన ధైర్యం విశాఖలో తెన్నేటి విశ్వనాథం వంటివారినీ కదిలించింది. 1941 మే నాటికి దేశమంతటా 25,000 మందికి పైగా శిక్షలు పడ్డాయి.

హిట్లర్ రష్యా మీద పడ్డాక కమ్యూనిస్టులు అదే యుద్ధాన్ని ప్రజాయుద్ధమన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను బాంబులు పడ్డాయి; ఆగస్టులో కాంగ్రెసు క్విట్ ఇండియా అంది. 1940లో కాల్పులు జరిగిన గుడారి రాజమణిపురం నేడు వీరగున్నమ్మపురం.