కడెము వరద లెక్క: క్యూసెక్కు, ఘనమీటరు

పూర్వపు ఆదిలాబాదు మండలములోనిదై నేఁడు నిర్మల్ జిల్లాకుఁ జెందిన కడెము ప్రాజెక్టునకు 1958వ సంవత్సరము ఆగస్టు మాసమున గండి పడెను. ఆనకట్టల భంగములఁ గూర్చిన సాంకేతిక గ్రంథములలో నీ యుదంతము తఱచుగాఁ గానవచ్చును. అందలి యంకె లివి: వరద ప్రవాహము సెకనునకు 14,700 ఘనమీటరులు, పూర్ణమట్టమునకుఁ బైన 2.4 మీటరుల కట్ట మిగిల్చి యుంచినను నీరు కట్టతలపై 46 సెంటీమీటరుల మందమునఁ బొరలినది, ఎడమవైపున 137.2 మీటరుల వెడల్పున గండి యేర్పడినది. కుడివైపున మఱి రెండు తావులఁ గట్ట తెగినది.

ఈ యంకెలు చదువువారి కొక సందియము కలుగక మానదు. వరద కోసికొనిపోయిన మట్టికట్ట నోటిని పది సెంటీమీటరుల సూక్ష్మతతోఁ గొలిచిన దెవరు? 137.2 మీటరులను అడుగులలోనికి మార్చి చూచినచో నీ ముడి విడిపోవును. అది సరిగా 450 అడుగులు. 46 సెంటీమీటరులనఁగా అడుగున్నర, 2.4 మీటరులనఁగా నించుమించు ఎనిమిదడుగులు. ప్రవాహమో, 5 లక్షల 19 వేల క్యూసెక్కులు, అనఁగా స్థూలముగా 5.2 లక్షలు. తాళపత్ర ప్రతిని వేఱొక లిపిలోనికి ఎత్తి వ్రాసినను మూలపాఠము జాడ లేఖకుని చేయి దాఁటి బయటఁబడునట్లే, ఇచ్చటను మీటరుల వెనుక నడుగులు తొంగిచూచుచున్నవి. అంచనాగాఁ జెప్పిన గుండ్రని సంఖ్య పరివర్తనముచే సూక్ష్మసంఖ్య వేషము ధరించినదని తోఁచుచున్నది. కాలమును దీనికి సాక్షి. మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినను, నూతన తూనికలు కొన్ని ప్రాంతములందు మొదట వాడుకకు వచ్చినది 1958 అక్టోబరు 1వ తేదిని. కడెము తెగినది అంతకుముందే.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల నీటిరాశి సెకనున కొక్కటి చొప్పునఁ బాఱినచో నది క్యూసెక్కు, 28.317 లీటరులకు సమానము. సెకనున కొక ఘనమీటరు 35.3147 క్యూసెక్కులగును. ఈ గుణకము తెలిసినవారును దడఁబడు చోటు వేఱొకటి కలదు. క్యూసెక్కు ప్రవాహవేగమునకుఁ గొలత. టీయంసీ యనునది రాశికిఁ గొలత, నూఱు కోట్ల ఘనపుటడుగులు. వీని రెంటి నడుమఁ గాలము నిలువనిదే యొకటి రెండవది కాదు. దినమునకు 86,400 సెకనులు గాన, 11,574 క్యూసెక్కులు ఒక దినమెల్లఁ బాఱిన నొక టీయంసీ చేరును. సెకనునకు 11.574 ఘనమీటరులు దినమెల్లఁ బాఱినఁ బది లక్షల ఘనమీటరులగును. రెండుచోట్ల నవే యంకెలు వచ్చుటకుఁ గారణము 86,400 అను భాజకము రెంటికి నొకటే యగుట.

ఈ కాలభావన మన పండితులకుఁ గ్రొత్తది కాదు. భాస్కరాచార్యుని లీలావతిలో, విడివిడిగా ఒక దినమునను, అర్ధదినమునను, మూఁడవ వంతునను, ఆఱవ వంతునను వాపిని నింపఁగల నాలుగు ధారలు కలసి యెంతసేపటికి నింపునను లెక్క యున్నది. ఉత్తరము దినములోఁ బండ్రెండవ వంతు, అనఁగా నైదు గడియలు. అచ్చట వాపి కొలత యడుగఁబడలేదు. నిండుటకుఁ బట్టు కాలమే ప్రవాహమునకు మానము. ఆ పద్ధతినే కడెమునకు వర్తింపఁజేసినచో విషయము కన్నులకుఁ గట్టును. 14,700 ఘనమీటరుల వరద గడియకు, అనఁగా నిరువదినాలుగు నిమిషములకు, ముప్పాతిక టీయంసీ తెచ్చును. ఆ జలాశయపు పూర్ణపరిమాణముగాఁ జెప్పఁబడుచు వచ్చినది 7.6 టీయంసీలు. ద్వారములన్నియు మూసి, యొక్క బొట్టును లేని జలాశయమును ఆ వరద కెదుర నిలిపినను పది గడియలలో నిండిపోవును.

కరీంనగరు ప్రాంతపుఁ గాలువలకును ఇదే గణితము. శ్రీరామసాగరమునుండి బయలుదేఱు కాకతీయ కాలువ శక్తి 9,700 క్యూసెక్కులు, అనఁగా సుమారు 275 ఘనమీటరులు. అది మొదట నిండుగాఁ బాఱి త్రోవలో నేమియుఁ దఱుగకున్నచో, 24 టీయంసీల దిగువ మానేరు జలాశయము నిండుటకు నించుమించు ఇరువదితొమ్మిది దినములు పట్టును. త్రోవలోఁ బొలములకు విడుచు నీరు, ఇంకిపోవు నీరు ఈ లెక్కకు వెలుపల.

కేంద్ర జలసంఘమువారు మీటరులలోను, ఘనమీటరులలోను వరదవార్త తెలుపుదురు. రాష్ట్రపు ప్రాజెక్టులవారు అడుగులలోను, క్యూసెక్కులలోను దెలుపుదురు. దీనిని కేవలము పాతవాసనయని త్రోసివేయుట సరికాదు. ఒక క్యూసెక్కు దినమెల్లఁ బాఱిన రెండెకరములలో నించుమించు నడుగు లోఁతు నీరు నిలుచును. తెలంగాణమున భూమిని ఎకరములలోఁ జెప్పుచున్నంతకాలము రైతునకు ఈ లెక్క చేతిలోనిది. 1980లో గోదావరీ జలవివాద న్యాయస్థానము తీర్పులోని పంపకములును టీయంసీలలోనే యున్నవి.

2022 జులై మాసమునఁ గడెమునకు మరల మహావరద వచ్చెను. పదునెనిమిది ద్వారములలో నొకటి తెఱచుకొనలేదు, కట్ట నిలిచినది. నాఁటి వార్తలలోఁ జెప్పఁబడిన ప్రవాహము 5 లక్షల క్యూసెక్కులకుఁ బైమాట. 35.3147చే భాగించినచో నది 14,158 ఘనమీటరులకుఁ దక్కువ కాదు. 1958 నాఁటి లెక్క 14,700.