అయ్య వెంట వాగుకి పోవడం కూడా మన చరిత్రే

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

చరిత్ర అనగానే మనకు పోరాటాలే గుర్తొస్తాయి. 1879 రంప పితూరీ, 1922-24 మన్యం పోరాటం, 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం. ఇవన్నీ చదవాల్సిందే. కానీ పితూరీ లేని రోజుల్లో మన తాతలు ఏం చేశారు? పోడు కొట్టారు, గడ్డలు తవ్వారు, చేపలు పట్టారు. పక్కన పిల్లల్ని కూచోబెట్టుకుని పట్టారు. ఈ చివరి మాట ఏ పుస్తకంలోనూ పెద్దగా కనపడదు. అందుకే రాస్తున్నా.

మాది శబరి ఒడ్డు. శబరి ఒడిశా కొండల్లో పుట్టి, సీలేరుని కలుపుకుని, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా అయ్యకి సంతకం వరకే వచ్చు. కానీ తొలకరికి కొత్త నీరు దిగగానే చేప ఏ వాగులోకి ఎదురెక్కుతుందో, మావు ఏ మలుపులో కట్టాలో, ఎండాకాలం ఏ మడుగు ఎండదో, వాలుగ ఏ రాతి కింద పడుకుంటుందో ఆయనకు తెలుసు. మా ఊరికి అటూ ఇటూ ప్రతి మడుగుకీ ఒక పేరుంది. ఆ పేర్లు ఏ సర్వే మ్యాపులోనూ లేవు. తండ్రి నోటి నుంచి కొడుకు చెవికి, తల్లి నోటి నుంచి కూతురు చెవికి వచ్చాయి, అంతే.

ఒక్క ఉదాహరణ చెప్తా. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి పైన కదులుతుంటాయి. వాటి కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ టైంలో దాన్ని కొట్టడం చాలా తేలిక, ఎందుకంటే అది పిల్లల్ని వదిలి పారిపోదు. మా అయ్య మాత్రం కొట్టనివ్వడు. "పిల్లల తండ్రిని కొడితే వచ్చే ఏడు ఏం తింటవ్?" అంటాడు. ఇంత సైన్సు నాకు ముందు క్లాసులో రాలేదు, వాగు దగ్గరే వచ్చింది.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. రంప పితూరీకి ఒక పెద్ద కారణం కల్లు మీద పన్ను. మన చెట్టు, మన కల్లు, పన్ను మాత్రం దొరలకి. ఆ పితూరీ అణిచిన కొద్దికాలానికే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది. 1927 భారత అటవీ చట్టం 26వ సెక్షన్ తీసి చూడండి. రిజర్వు అడవిలో నిబంధనలకు విరుద్ధంగా చేయకూడని పనుల్లో వేటతో పాటు చేపలు పట్టడం కూడా ఉంటుంది. అంటే నిన్నటి దాకా తండ్రి కొడుక్కి నేర్పే పని ఒక్క రోజులో నేరం కాగలిగింది.

ఇంకొకటి. 1873లో ఫ్రాన్సిస్ డే అనే అధికారి మంచినీటి చేపల మీద పెద్ద నివేదిక రాశాడు. చేపపిల్లల్ని, గుడ్ల మీదున్న చేపల్ని జనం పాడుచేస్తున్నారని ఆయన బాధ. తర్వాత 1897లో మత్స్య చట్టం చేశారు. నీళ్లలో మందుగుండు పేల్చినా, విషం కలిపినా జైలు లేదా జరిమానా. మనోళ్లు పండగకో పబ్బానికో చిన్న మడుగులో మంగకాయ దంచి కలిపేది కూడా విషం కిందికే వచ్చింది. ఇప్పుడు కొందరు బ్లీచింగ్ పౌడర్, బాంబులు వేస్తున్నారు. అది మన పద్ధతి కాదు, ఆపాల్సిందే. కానీ పిల్లలున్న కొర్రమట్టని వదిలేసే మనిషిని, మడుగంతా పేల్చేసే మనిషిని ఒకే గాట కట్టడం న్యాయమా?

అంతకు ముందే కింద 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. డెల్టా పచ్చబడింది, కాదనను. కానీ సముద్రం నుంచి ఎదురీదే పులసకి అక్కడ గోడ అడ్డమొచ్చింది. నేటికీ పులస కథ ధవళేశ్వరం దగ్గరే ఆగుతుంది.

1940ల మొదట్లో హైమెన్‌డార్ఫ్ పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. వెదురు, కలప వ్యాపారుల కింద మనవాళ్ల శ్రమ ఎలా పోయిందో అందులో ఉంది. అది చదువుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. పగలంతా ఇంకొకడి వెదురు కొట్టే మనిషికి తన కోసం, తన పిల్లల కోసం మిగిలే పని ఏముంటుంది? వాగులో మావు పెట్టడం అలాంటి పని. అక్కడ మేస్త్రీ లేడు, ముచ్చెలక లేదు. తండ్రి పెద్ద, పిల్లాడు శిష్యుడు.

మన తరంలో ఇంకో రకంగా తెగింది. చదువు కోసం ఏడాదిలో పది నెలలు హాస్టళ్లలో ఉంటాం. చదువు కావాలి, అందులో డౌట్ లేదు. కానీ ఇంటికి పోయినప్పుడు మా అయ్య "మంచిగ చదువుతున్నవా" అని అడిగి ఊరుకుంటాడు. నా పుస్తకం ఆయనకు తెలీదు, ఆయనకి మొహమాటం. వాగు దగ్గర మాత్రం మాట తడుముకోడు. అక్కడ ఆయన మాస్టారు, నేను ఒకటో తరగతి.

ఒకసారి అడిగా, నన్ను తీసుకుపోతే నీకేం లాభం అని. "చేపలకైతే ఒక్కణ్నే పోతా. నువ్వొస్తే సప్పుడు చేస్తవ్, చేపలు తగ్గుతయ్. కానీ నువ్వు పక్కన కూసుంటే మా అయ్య యాదికొస్తడు" అన్నాడు. మా తాతని నేను చూడలేదు. ఆయన ఫోటో కూడా లేదు. ఆయన నుంచి మా అయ్యకి మిగిలింది ఆ కూచునే చోటు, ఆ మడుగు పేరు.

ఇప్పుడు ఆ చోటే పోతోంది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రకి మారాయి. జలాశయం పూర్తి మట్టం 150 అడుగులు. ఆ నీళ్లు శబరిలోకి కూడా వెనక్కి ఎగదన్నుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు ముంపు ఎలా ఉంటుందో మన ఊళ్లు చూశాయి. నది పక్క నుంచి దూరంగా కాలనీకి మారిస్తే ఇల్లు ఇవ్వొచ్చు, మడుగు ఎక్కడ ఇస్తారు?

అందుకే ఈ విషయం గుర్తుపెట్టుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి)లో చేపలు, నీటి వనరుల మీద సామూహిక హక్కు రాసి ఉంది. మనం పోడు పట్టా కోసం ఫారం-ఎ గురించే మాట్లాడుకుంటాం. చేపల హక్కు అడిగేది ఫారం-బిలో. సాక్ష్యంగా చేపలు పట్టే చోట్లు చూపొచ్చు, పెద్దల వాంగ్మూలం రాసి పెట్టొచ్చు అని నిబంధనల్లోనే ఉంది. ఇక 2013 భూసేకరణ చట్టం ప్రకారం, ముంపు ప్రాంతంలో చేపల హక్కు ఉన్న గిరిజనులకి జలాశయంలో కూడా ఆ హక్కు ఇవ్వాలి. మరి హక్కు ఉందని ముందు కాగితం మీద లేకపోతే రేపు ఏం చూపిస్తాం?

అంటే అయ్య చెప్పే మడుగు పేరు వట్టి జ్ఞాపకం కాదు. అది సాక్ష్యం. రాయడం ఆయనకు రాదు, మనకొచ్చు.

ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ అయ్యతోనో అమ్మతోనో ఒక్కరోజు వాగుకి పోండి. ఫోన్ జేబులో పెట్టి ఆయన చెప్పేది వినండి. ఇంటికొచ్చాక మడుగుల పేర్లు, ఏ నెలలో ఏ చేప, ఏ ఇంటోళ్లు ఎప్పట్నుంచి పడుతున్నారు, అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసి గ్రామసభ ముందు పెట్టండి. మీ దగ్గర పేర్లుంటే కింద రాయండి, ఊరి పేరుతో సహా. మా ఊరి లిస్టు నేను మొదలుపెట్టా. ఇప్పటికి పదకొండు మడుగులయ్యాయి, ఇంకా ఉన్నాయంటున్నాడు అయ్య.

జై ఆదివాసీ.