వేంపల్లె శిలలు, జీవవైవిధ్యపు లెక్కలు

పులివెందుల, వేంపల్లె ప్రాంతపు డోలమైట్ రాళ్ళలో గుమ్మటాల్లా, స్తంభాల్లా పైకి లేచిన సన్నని పొరలు కనిపిస్తాయి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల జిగట పొర సున్నపు రేణువులను పట్టి ఉంచేది. అవి తమను కప్పేసినప్పుడల్లా సూక్ష్మజీవులు వెలుతురు కోసం పైకి పాకేవి. అలా పొర మీద పొర పేరుకుంది.

ఈ వేంపల్లె శిలల మీద పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి పొరలు, గండికోట క్వార్ట్‌జైట్ వరుసగా ఉన్నాయి. జమ్మలమడుగు దగ్గర పెన్న కోసుకుపోయిన లోయ గోడల్లో కనబడేది ఈ చివరి రాయే. కడప, కర్నూలు శిలల క్రమాన్ని విలియం కింగ్ 1872లో గ్రంథస్థం చేశాడు. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు. వేంపల్లె పొరలు దానికంటే పాతవి.

ఇలా శిలల్లో మిగిలిన ఆనవాళ్ళను బట్టి జీవవైవిధ్యం కాలంతో ఎలా మారిందో చూపే గీతను 1860లోనే జాన్ ఫిలిప్స్ గీశాడు. జాక్ సెప్కోస్కీ సముద్రజీవుల కుటుంబాలను లెక్కగట్టి, మొదట వేగంగా పెరిగి తర్వాత నిలకడకు వచ్చే గణిత నమూనాను 1970ల చివర్లో ప్రతిపాదించాడు. ఆ లెక్క ప్రధానంగా గవ్వలు, పెంకులు మిగిల్చిన జీవులది. సుమారు 54 కోట్ల ఏళ్ళ నాటి కేంబ్రియన్ నుంచే అది బలపడుతుంది. వేంపల్లె సముద్రం అప్పటికి ఎప్పుడో గతించింది.

ఆ పాత యుగాల కోసం స్టాన్లీ అవ్రామిక్ 1971లో స్తంభాకార స్ట్రోమటోలైట్ల రకాలను లెక్కించాడు. ప్రీకేంబ్రియన్ చివర్లో అవి తగ్గడానికి, వాటిని మేసే జంతువులు పుట్టుకురావడమే కారణమన్నాడు. చక్కని ఊహే, కానీ స్ట్రోమటోలైట్ రూపం ఒక జాతి కాదు. అలలు, లోతు, మట్టి కూడా దాన్ని మలుస్తాయి.

మరో చిక్కును 1972లో డేవిడ్ రౌప్ ఎత్తిచూపాడు: ఏ యుగపు రాయి ఎక్కువగా మిగిలితే ఆ యుగంలో జీవులు ఎక్కువ ఉన్నట్టు తోస్తుంది. కడప సీమే దీనికి సాక్ష్యం. జమ్మలమడుగు వైపు కర్నూలు శిలలు దాటాక, ప్రొద్దుటూరు దగ్గర పెన్న ఒండ్రుమట్టి దాకా కోట్ల ఏళ్ళ చరిత్రకు ఇక్కడ సముద్రపు పొరలు లేవు. లోపించింది రాయి, జీవం కాదు.

షానన్ పీటర్స్, సహచరులు 2017లో ఉత్తర అమెరికా శిలల సమాచారాన్ని పరిశీలించారు. స్ట్రోమటోలైట్ల హెచ్చుతగ్గులు జంతువుల వైవిధ్యం కంటే, సున్నపు శిలల్లో డోలమైట్ వాటాతో ఎక్కువగా ముడిపడి ఉన్నాయని తేల్చారు. అంటే సముద్రజలపు రసాయన స్వభావాన్నీ జీవవైవిధ్యపు నమూనాలో చేర్చాలి. వేంపల్లె స్ట్రోమటోలైట్లున్నదీ డోలమైట్‌లోనే.